పాకాల దారిలో బొగ్గు బస్తాలు

మా చిన్నప్పుడు... పోలీస్ యాక్షన్ జరిగిన ఆ ఏడు వానలు ముందే పట్టుకున్నాయి. సికింద్రాబాద్ కార్ఖానా బస్తీలో మా ఇంటి రేకుల మీద పొద్దస్తమానం ముసురే. బొగ్గు తడవకుండా చూసుకోవడం నాకూ సకీనాకూ అప్పగించిన పని.

పెద్ద బొగ్గుల్ని నిమ్మకాయంత ముక్కలుగా కొట్టాలి. జల్లెడ పట్టి పొడి తీసేయాలి. గోనె సంచుల్లో నింపి దబ్బనంతో మూతి కుట్టాలి. సాయంత్రం ముక్కు చీదితే నల్లగా వచ్చేది...

సకీనా వాళ్ల నాన్న ఖాదర్ మామ మోటారు మెకానిక్కు. మా నాయిన వడ్రంగి, లారీలకు చెక్క బాడీలు కట్టేవాడు. ఇద్దరిదీ ఒకటే షెడ్డు. మామ మా అమ్మను చెల్లె అనేవాడు కాబట్టి, ఆయనా నాయినా ఒకరికొకరు బావలయ్యారు. రెండిళ్ల మధ్య ఒక దడి, రాకపోకలకు అందులో ఒక సందు.

ఖాదర్ మామ అంతకుముందు ఒక జాగీర్దారు దగ్గర డ్రైవరు. ఏటా చలికాలం షికారుకని ఆయన్ని హనుమకొండ అవతలి పాకాల అడవికి తీసుకుపోయేవాడు. ఇప్పుడు దాన్ని అభయారణ్యం అంటున్నారు... చెరువు చుట్టూ అడవి, పొద్దుగూకే వేళ నీళ్లకు దిగే దుప్పులు. ఆ కథలన్నీ మాకు కంఠతా వచ్చు. జాగీర్దారు వదిలేసిన పాత కారు మామ చేతికొచ్చింది. వానలు తగ్గగానే రెండు కుటుంబాలూ కలిసి పాకాల పోవాలని ఎండాకాలంలోనే అనుకున్నారు.

పులి కనబడుతుందా అని అడిగితే, "మీ నాయిన వార్నిష్ వాసనకు అది నర్సంపేట దాటి ఉరుకుతది బిడ్డా" అనేవాడు.

పెట్రోలు దొరకదు. కారు వెనక బొగ్గు పొయ్యి బిగించి, దాని గ్యాసుతో నడపాలి. దారికి సరిపడా బస్తాలు కారులో పట్టవు కదా... బొగ్గుతో నడిచే బస్సులవాళ్లు చేసే పనే మామా చేశాడు. అటు పోయే లారీల మీద ముందుగానే బస్తాలు పంపి, తెలిసినవాళ్ల ఇళ్లలో దింపించాడు. భువనగిరిలో ఒకచోట, జనగామలో మా మేనత్త ఇంట్లో, హనుమకొండలో ఇంకోచోట.

ఆ రోజుల్లో అది ఎవరికైనా అనుమానం వచ్చే పనే.

మొదట ఖాకీ వాలంటీర్లు... అదే, రజాకార్లు... వచ్చారు. ఇంత బొగ్గు ఎందుకు, పెళ్లాం పిల్లలతో బెజవాడకు పారిపోతున్నావా అని నాయినను నిలదీశారు. ఖాదర్ మామ అడ్డం వచ్చి, బొగ్గు నాది, కారు నాది, ఏమన్నా ఉంటే నన్ను అడగండి అని వాళ్లను పంపేశాడు. ఆ సాయంత్రం నాయిన ఆయనకు బీడీ వెలిగించి ఇచ్చాడు.

తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది. వాలంటీర్లు ఖాకీలు విప్పి దాచుకున్నారు. అనుమానం అటు నుంచి ఇటు తిరిగింది... కిరాణా దుకాణం రాజలింగం నూనె పోస్తూ పోస్తూ నాయినతో అన్నాడట, ఖాదర్ దారి పొడుగునా దింపించిన బస్తాల్లో పైన బొగ్గు, కింద తుపాకులు ఉంటాయని. ఒకటి మీ చెల్లెలింట్లోనే ఉంది, మిలిటరీ వస్తే ముందు పట్టుకుపోయేది ఆమె మొగుణ్నే అని.

ఆ బస్తాలు నింపింది ఎవరో నాయినకు తెలుసు. అయినా అన్నం తింటూ నన్ను అడిగాడు, మూతులు కుట్టినప్పుడు నువ్వు దగ్గరున్నావా అని. నేనే కుట్టాను అన్నాను. అన్నిటికీనా అన్నాడు. అన్నిటికీ అన్నాను. నా మాట ఆయనకు చాలలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

మర్నాడు ముసురు కాస్త తెరిపిచ్చింది. నాయిన దడి దగ్గర నిలబడి పిలిచాడు. ఎప్పుడూ బావా అనే మనిషి పేరు పెట్టి పిలిచాడు.

"ఖాదర్... ఆ బస్తాల్ల బొగ్గేనా?"

మామ లోపలికి పోయాడు. ఇంట్లో మిగిలిన ఒక బస్తాను భుజాన వేసుకొచ్చి, మూతి కోసి, అమ్మ అప్పుడే అలికిన అరుగు మీద గుమ్మరించాడు.

"చూస్కో బావా. చెయ్యి వెట్టి చూస్కో."

అమ్మ వద్దంది. నాయిన గొంతుక్కూర్చుని, చెయ్యి పెట్టి, కుప్పను అడుగుదాకా కెలికి చూశాడు. సకీనా నా పక్కనే ఉంది. నేను ఆమె వైపు చూడలేదు.

"బొగ్గే" అన్నాడు నాయిన.

"ఇది బొగ్గే. మరి జనగామల ఉన్నదో? రేపు ఇంకోడు అడుగుతడు, ఎల్లుండి ఇంకోడు... ఎన్ని బస్తాలు గుమ్మరియ్యాలె బావా?"

నాయిన చేతులు దులుపుకుంటూ కూర్చున్నాడు.

అమ్మా, సకీనా వాళ్లమ్మ బీబీ అత్తా కలిసి బొగ్గు ఎత్తారు. ఎత్తుతూ ఎత్తుతూ అత్త అంది, "ఈడ ఇగ ఉండుడు కష్టమే వదినె." అమ్మ కాదనలేదు.

జనగామ బస్తాను ఏ మిలిటరీ వచ్చి చూడలేదు. మేనత్త ఆ చలికాలమంతా కుంపట్లో వేసుకుంది. మంచి బొగ్గు, పొగ లేదు అని కబురు పంపింది.

నేను పాకాల ఇప్పటికీ చూడలేదు. మొన్న మనవరాలు ఫోనులోనే కారు, గది అన్నీ మాట్లాడేసి, పోదాం పద అమ్మమ్మా అంది. దారి పొడుగునా పెట్రోల్ బంకులే... ఎవరింట్లోనూ ఏమీ దింపక్కర్లేదు. ఎవర్నీ నమ్మక్కర్లేదు. సుఖమే. మీ ఇళ్లలోనూ అన్నీ సిద్ధం చేసుకుని ఆగిపోయిన ప్రయాణం ఏదైనా ఉంటే, పెద్దవాళ్లను అడిగి ఇక్కడ రాయండి.

ఖాదర్ మామ, బీబీ అత్త, సకీనా... ముగ్గురూ ఆ ఏడు దసరాకు ముందు వచ్చిన శుక్రవారం పొద్దున బొంబాయి రైలెక్కారు. అమ్మా, నేనూ స్టేషన్‌కు వెళ్లాం. నాయిన షెడ్డుకు వెళ్లాడు.