లాకు మలుపులో అమెరికా బండి

ప్రభుదాసు కుడి కన్ను పోయింది రేపల్లెలో, మా వీధి వెనక కాలువ లాకు దగ్గర, ఒక వేసవి సాయంత్రం, అమెరికా కార్లు గొప్పవా యూరప్ కార్లు గొప్పవా అనే పందెంలో. అప్పటికి మా ఇద్దరికీ పదకొండేళ్లు. అమెరికా రేసు కారును గాని, యూరప్ రేసు కారును గాని ఇద్దరిలో ఎవరమూ కళ్లతో చూసి ఎరగం.

ఇప్పుడు నేనుండేది తెనాలిలో. ఎండలు ముదిరాక మా వీధి చివర ఒకావిడ గోనెపట్టా పరుచుకుని తాటికాయలు కొడుతుంది. కత్తి దిగగానే లేచే ఆ పచ్చి వాసన, కాస్త తీపి, కాస్త వగరు, సంచీ పట్టుకుని కూరలకు వెళ్తున్న నన్ను ఏటా ఒకసారి నడిరోడ్డు మీద ఆపేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు ముంజలు డజన్ల లెక్కన కట్టించుకుంటూ ఉంటారు. నేను మాత్రం పక్కన గుట్టగా పడున్న ఖాళీ బుర్రల వంక చూస్తాను. వాటిలో ఏది పెద్దది, ఏది చిన్నది, ఏ రెండు జత కుదురుతాయి అని నా చూపు తనంతట తనే వెతుక్కుంటుంది. యాభై ఏళ్లు దాటినా ఈ అలవాటు పోలేదు.

మా రోజుల్లో ముంజకాయ తినడానికి ఎంతో, బండికి అంత. బొటనవేలితో మూడు కళ్లూ తవ్వుకుని, నీళ్లు చొక్కా మీదకి కారుతుండగా జుర్రుకున్నాక, రెండు బుర్రల మధ్య గట్టి పుల్ల గుచ్చితే ఇరుసు తయారు. పంగలకర్ర ఒకటి నరికి తెచ్చి, ఆ పంగని ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పరిగెత్తితే అదే కారు. వేసవి సెలవుల్లో మా వీధిలో పిల్లవాడికొక కారు ఉండేది. నోటితో హారను, నోటితోనే ఇంజను. ఊరి మొత్తానికి నిజం కార్లు నాలుగో అయిదో ఉండేవేమో, వాటి మీద మాకు అంత గౌరవం ఉండేది కాదు. అవి మరీ నెమ్మది.

ప్రభుదాసు వాళ్లమ్మగారు మిషన్ ఆసుపత్రిలో నర్సు. వాళ్ల నాన్నగారు బాపట్లలో టీచరు, శనివారం బస్సుకొచ్చి సోమవారం తొలి బస్సుకి వెళ్లిపోయేవారు. క్రిస్మస్‌కి వాళ్లింటి నుంచి అరిసెలు, అచ్చుతో వేయించిన గులాబీ పువ్వులు, గట్టిగా ఉండే ఒక కేకు ముక్క పళ్లెంలో పెట్టి లేసు గుడ్డ కప్పి మా ఇంటికి వచ్చేవి. మా నానమ్మ ఆ పళ్లెం వంటింటి గడప దాటనిచ్చేది కాదు. మేం వరండాలోనే తినేసి చేతులు కడుక్కునేవాళ్లం. ఆవిడ కోసమే మేం అలా చేస్తున్నామని ప్రభుకి తెలుసు. ఖాళీ పళ్లెం తీసుకుని, లేసు గుడ్డ నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయేవాడు.

ఆ ఆసుపత్రికి వచ్చిన అమెరికన్ డాక్టరమ్మ ఒకావిడ అతనికి కార్ల బొమ్మలున్న పేకముక్కల ప్యాకెట్ ఇచ్చింది. ముక్కకొక కారు, కింద దాని వేగం, ఇంజను సైజు, బరువు, హార్స్‌పవరు. అన్నీ అమెరికా కార్లే, పొడుగు ముక్కులతో, పడవలంత వెడల్పుగా. అదే ఏడాది, ఓడలో పనిచేసే మా పెద్దమామయ్య సెలవు మీద వచ్చినప్పుడు నాకూ అలాంటి ప్యాకెట్ ఒకటి తెచ్చాడు. అది జర్మనీలో కొన్నది. ఇటలీవి, జర్మనీవి, ఇంగ్లండువి. నేలకు అంటుకుపోయినట్టు, దోసగింజల్లా సన్నగా ఉండేవి ఆ కార్లు.

ఆట తేలిక. నేనొక ముక్క వేసి "వేగం" అంటాను. ఇద్దరి ముక్కల్లో ఏ అంకె పెద్దదైతే వాళ్లది గెలుపు, ఒక్క బరువులో మాత్రం తక్కువుంటే గెలుపు. సాయంత్రానికి ఎవరి ముక్కలు వాళ్లకి వెళ్లిపోతాయి. అలా రోజూ ఆడాం, రోజూ నేనే గెలిచాను. నా ఇటలీ కారు వేగం రెండొందల ఎనభై, అతని ఎర్ర కారుది నూట అరవై. నా ఇంజను మూడువేల తొమ్మిదొందల చిల్లర, అతనిది నాలుగొందల ఇరవై ఆరు. బరువు చూస్తే నాది పదమూడు వందలు, అతనిది మూడువేల అయిదొందలు. హార్స్‌పవరులో మాత్రం అతను నన్ను కొట్టేవాడు. అందుకే తన వంతు వచ్చినప్పుడల్లా, గొంతులో కొంచెం ఆశతో, "హార్స్‌పవరు" అనేవాడు.

"నీ బండికి గుర్రాలెక్కువేరా, పరుగే లేదు," అనేవాణ్ని నేను. చుట్టూ చేరిన పిల్లలు ఇంకో మాట అందుకునేవాళ్లు: "పాలపొడి బళ్లురా అవి! పాలపొడి తిని బలిసినయ్!" మిషన్ వాళ్లు పేద పిల్లలకు పంచే అమెరికా పాలపొడి అది. నిజానికి దాన్ని నాకి నాకి తిన్నవాళ్లలో ఆ అరిచేవాళ్లూ ఉన్నారు, నేనూ ఉన్నాను. అయినా ఆ మాట పడ్డది ప్రభు ఒక్కడి మీదే.

అతనికి ఉక్రోషం వచ్చేది, ఏడుపు వచ్చేది కాదు. "అంకెలు ఎట్టా ఉన్నా, అమెరికా బండి గట్టిదిరా. పెద్దయ్యాక చూడు, రేపల్లె నించి బాపట్లకి బస్సు తోల్తా. దానికి అమెరికా ఇంజనేయిస్తా," అనేవాడు. అతని కోరిక అంతే. వాళ్ల నాన్నగారు ఎక్కే బస్సు తను తోలాలి, ముందు సీటులో ఆయన్ని కూర్చోబెట్టాలి.

నాకు సంగతి తెలిసింది మా నానమ్మ వల్ల. ఆవిడకి దూరమంటే మైళ్లే. ఒకనాడు వరండాలో ఎవరితోనో, "తెనాలెంతండీ, ఇరవై మైళ్లు పైమాట," అంటోంది. స్టేషన్లో బోర్డు మీద ముప్పైనాలుగు అని చదివిన నేను, "ముప్పైనాలుగు నానమ్మా," అన్నాను. హైస్కూల్లో లెక్కలు చెప్పే మా నాన్న పేపరు మడిచి, "రెండూ రైటేరా శీనూ. ఆవిడవి మైళ్లు, నీవి కిలోమీటర్లు," అన్నారు.

ఆ మధ్యాహ్నమే నేను ప్రభు దగ్గర అతని ముక్కలు అడిగి తెచ్చుకున్నాను. బొమ్మలు చూసి ఇస్తానని చెప్పాను. వేగం అంకె పక్కన చీమ తలకాయంత అక్షరాలు: ఎం.పి.హెచ్., అంటే గంటకిన్ని మైళ్లు. ఇంజను పక్కన అంగుళాలు. బరువు పక్కన పౌండ్లు. నా ముక్కల మీదేమో కిలోమీటర్లు, సీసీలు, కిలోలు. ఎటూ తేడా రానిది హార్స్‌పవరు ఒక్కటే. నాన్న దగ్గర, ఎందుకో చెప్పకుండా, ఏది దేనికి ఎన్ని రెట్లో అడిగి తెలుసుకుని, రూళ్ల కాగితం మీద లెక్కలు వేశాను. అతని ఎర్ర కారు ఇంజను దాదాపు ఏడువేల సీసీ తేలింది. నా ఇటలీ కారుకు రెట్టింపుకు కాస్త తక్కువ. నూట అరవై కాస్తా రెండొందల యాభై ఆరు అయింది. మూడువేల అయిదొందల బరువు పదహారు వందలకు దిగిపోయింది. వేగంలో ఇంకా నాదే పైచేయి, బరువులోనూ నాదే. కాని ఇంజను పేరు ఎత్తితే ప్రతి ఆటా అతను గెలవాల్సిందే. ఇన్నాళ్లూ నేను నవ్విన నవ్వులో సగానికి పైగా అబద్ధం.

ఆ కాగితం మడిచి అతని ప్యాకెట్లోనే పెట్టాను, చూపిద్దామనే. సాయంత్రం లాకు దగ్గరకు వెళ్లేసరికి పిల్లలంతా చేరి ఉన్నారు. నన్ను చూడగానే, "ఏంట్రా శీనూ, ఇయ్యాళ పాలపొడికి ఎన్ని దెబ్బలు?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. నేను కాగితం తీసి జేబులో పెట్టుకుని ముక్కలు మాత్రం ప్రభు చేతికిచ్చాను. రేపు చెబుదాంలే అనుకున్నాను. వారం గడిచింది. ఆ వారంలో ఏడు ఆటలు గెలిచాను, తెలిసి గెలిచాను.

చివరికి ప్రభుయే అన్నాడు, "కాగితాల మీద కాదురా. బళ్లు కట్టుకుని రా. లాకు దాకా పందెం. ఓడినోడు ప్యాకెట్ ఇచ్చెయ్యాల."

తన అమెరికా బండికి ముదురు బుర్రలు ఏరుకున్నాడు, ఒక్కొక్కటీ నా తలకాయంత. నేను లేత కాయలవి చిన్న బుర్రలు, సన్నటి ఇరుసు పెట్టుకున్నాను. కాలువ గట్టు తిన్నగా ఉన్నంతసేపు అతన్ని పట్టుకోలేకపోయాను. బరువుకి అతని బండి గుంటల్లో ఎగరకుండా, గుడుగుడుమంటూ, దుమ్ము నా కళ్లల్లో కొడుతూ పోయింది. నాలుగు బారల ముందున్నాడు. లాకు దగ్గర గట్టు ఎడమకి తిరిగి పల్లంలోకి దిగుతుంది. నా చిన్న బండి తిరిగింది. అతనిది తిరగలేదు. ఒక బుర్ర లాకు గోడ ఇటికల సందులో ఇరుక్కుంది, బండి ఆగింది, పరుగు ఆగలేదు. పంగలకర్ర వెనక కొస, తనే ఏటవాలుగా చెక్కుకున్న కొస, అతని ముఖంలోకి వచ్చింది.

నాకు చప్పుడు వినిపించింది. అరుపు కూడా వినిపించింది. నేను ఆగలేదు. పందెం గీత దాకా పరిగెత్తి, గీత తొక్కి, అప్పుడు వెనక్కి తిరిగాను.

అతన్ని గుంటూరు తీసుకెళ్లారు. నెల తర్వాత కంటికి తెల్లగుడ్డతో వచ్చాడు. అంతకు ముందే ఒకరోజు వాళ్లమ్మగారు నర్సు చీరతోనే మా వరండా మెట్ల దగ్గర నిలబడి, "పందెం ఓడిపోయాడంట గదండీ. ఇచ్చేసి రమ్మని ఒకటే గోల," అంటూ ప్యాకెట్ మా అమ్మ చేతిలో పెట్టారు. "లోపలికి రండి," అంది మా అమ్మ. నానమ్మ గడప దగ్గర్నుంచి పక్కకు జరిగింది. ప్రభు వాళ్లమ్మగారు రాలేదు. "డ్యూటీ ఉందండీ," అని వెళ్లిపోయారు. మరుసటి వేసవికి వాళ్ల కుటుంబం బాపట్ల మారింది. పెద్దయ్యాక బస్సు లైసెన్సు కోసం వెళ్తే ఒంటికన్నుకి ఇవ్వం అన్నారని ఎవరో చెబితే విన్నాను.

నేను పత్రికలో చేరాను. డెస్కు మీద ముప్పై ఏళ్లకు పైగా గడిపాను. ఆదివారం కార్ల పేజీ కొన్నాళ్లు నా చేతికి వచ్చింది. అమెరికా వాళ్లది అంతూపొంతూ లేని దూరాల దేశం, తిన్నటి రోడ్లు, అందుకని పెద్ద ఇంజను పెట్టి నిదానంగా తిప్పి బలం రాబడతారనీ, యూరప్‌లో కొండ మలుపులు, ఇరుకు ఊళ్లు, ఖరీదైన పెట్రోలు కాబట్టి చిన్న ఇంజనునే వేగంగా తిప్పి, బరువు తగ్గించి, మలుపులో నిలదొక్కుకునేలా కడతారనీ రాశాను. ఏ రోడ్డు మీదో చెప్పకుండా ఏ కారు గొప్పదో చెప్పలేమనీ రాశాను. కొత్తగా చేరిన సబ్ ఎడిటర్లు మైళ్లూ కిలోమీటర్లూ కలిపి పట్టిక ఇస్తే కాపీ వాళ్ల బల్ల మీదకి విసిరేసేవాణ్ని. "సార్‌కి కొలతల పిచ్చండీ," అని వెనక నవ్వుకునేవారు. 

పోయిన వేసవిలో, ముంజల వాసన తగిలిన రోజున, ఆ ప్యాకెట్ తీసుకుని బాపట్ల వెళ్లాను. ప్రభుకి అక్కడ కార్ల సీట్లు కుట్టే షాపు ఉంది. సూర్యలంక బీచికి వచ్చేవాళ్ల కార్లు ఆ రోడ్డునే పోతాయి, ఎప్పుడైనా ఒక పొట్టి ఎర్ర కారు ఉరుముకుంటూ వెళ్తే అందరూ తల తిప్పుతారు. తోలు, జిగురు వాసనల మధ్య అతను రేపల్లె అనగానే నన్ను గుర్తుపట్టాడు. "ఒరే శీనూ! ముసలోడివైపోయావు గదరా!" అన్నాడు.

ప్యాకెట్ చేతిలో పెట్టాను. ఒక్కో ముక్కా ఎడమ కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ఎర్ర కారు దగ్గర ఆగి నవ్వాడు.

"ఇయ్యి మైళ్లురా. మైళ్లు, అంగుళాలు. గుంటూరులో మంచం మీదున్నప్పుడు డాక్టరమ్మ వచ్చి చెప్పింది. ఏడువేల సీసీ అంట నా బండి! చూశావా, ఇద్దరం ఎంత ఎర్రిమొహాలమో. ఒక్కడికీ తెలవలేదు."

ఇద్దరం అన్నాడు. నేనూ నవ్వాను. టీ తెప్పించాడు. తాగాను. బస్సు దాకా వచ్చి సాగనంపాడు, నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటాడు, కుడివైపు నుంచి వచ్చే బళ్లు అతనికి ఆనవు.

రేపల్లెలో ఆ గట్టు మీద ఇప్పుడు సిమెంటు రోడ్డు పడింది. లాకు మలుపు సగం సాపు చేశారు. బుర్రల బళ్లు తోసే పిల్లలు లేరు. తెనాలిలో ఆ ఖాళీ బుర్రలను సాయంత్రం చెత్త ట్రాక్టరు ఎత్తుకుపోతుంది.

ప్యాకెట్ బాపట్లలో ఉంది. నా లెక్కల కాగితం, ఇన్నేళ్లూ దాచి, బాపట్లలో ప్రభుకి ఇద్దామని జేబులో పెట్టుకుని వెళ్లినదే, మళ్లీ నాతోపాటే తెనాలి వచ్చింది.