పుష్పావతి మేడం ఒప్పుకున్న తప్పు

సోల్డరింగ్ ఐరన్ కొన తగలగానే సీసపు తీగ కరిగి సన్నటి పొగ లేస్తుంది. ఎండిన చెట్టుబంక కాలినట్టుండే ఆ వాసన ఇప్పుడు నా చీర కొంగుకు కూడా పట్టేసింది. ధర్మవరంలో పట్టుమగ్గాలకు బిగించే ఎలక్ట్రానిక్ జకార్డు బోర్డులు బాగుచెయ్యడం నా పని. చీర అంచులో ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే బోర్డులవి. ఈ వేళ పొద్దున ఒకదాని మీదికి వంగి కూర్చున్నప్పుడు ఆ పొగ ముఖానికి తగిలింది. ఉన్నట్టుండి పుష్పావతి మేడం గొంతు వినిపించినట్టయింది. "ఆ ఐరన్ పక్కన పెట్టు గంగా. ముందు నోడు."

నోడు అంటే కన్నడంలో చూడు అని. మేడంది కర్ణాటక సరిహద్దులో గుడిబండ వైపు ఊరు. ఆవిడ నోట్లో రెండు భాషలూ ఒకేసారి దొర్లేవి. హిందూపురంలో మేము చదివిన చిన్న కమ్యూనిటీ కాలేజీలో ఆవిడ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూసుకునేవారు. పొట్టి మనిషి. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది, దాని కోసం ఎప్పుడూ బల్ల మీద వెతుక్కునేవారు. నేను రొద్దం దగ్గర పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నర్సింగులో సీటు రాలేదు, ఇందులో ఖాళీ ఉందన్నారు, చేరాను. అంతకు మించి ఎలక్ట్రానిక్స్‌తో నాకు సంబంధం లేదు. ఇంట్లో ఫ్యూజు పోతే దూరంగా నిలబడే రకం.

మొదటిరోజే ఆవిడ మా ఒక్కొక్కరి ముందూ ఒక పాత రేడియో పెట్టారు. బాగుచెయ్యమంటారేమో అనుకున్నాను. "బాగుచేసే పని లేదు. మూత విప్పి పది ప్రశ్నలు రాయండి. జవాబులు నాకొద్దు," అన్నారు. నాకు మూడు ప్రశ్నలు కూడా తట్టలేదు. నా కాగితం చూసి, "ఈ రాగితీగను ఇన్ని చుట్లు ఎందుకు చుట్టినారో నీకు తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "మరి అడగలేదేమమ్మా? తెలిసినట్టు దాటుకోని పోయినావే!" కోపంగా అనలేదు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు అన్నారు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కరెంటు స్తంభాల మీద ఆ పింగాణీ బుడిపెలు ఎందుకుంటాయా అని మొదటిసారి ఆలోచించాను. అన్నేళ్ళూ వాటి కిందనే తిరిగాను మరి.

కొన్నాళ్ళకు రికార్డు పుస్తకంలో దొంగపని చేశాను. కొలవాల్సిన పన్నెండు రీడింగుల్లో నాలుగు కొలిచి, మిగతావి సూత్రం పెట్టి లెక్కగట్టి నింపేశాను. గ్రాఫు గీస్తే గీత స్కేలు పెట్టినట్టు వచ్చింది. మేడం దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశారు.

"శానా బాగుండాది. మన ల్యాబులో కరెంటు ఇంత బాగ ఎప్పుడూ రాదే!"

నేను తల వంచుకున్నాను. ఆవిడ తిట్టలేదు, నా పక్కనే స్టూలు లాక్కుని కూర్చుని మళ్ళీ కొలిపించారు. ఐదు వోల్టులు ఉండాల్సిన చోట నాలుగున్నర దగ్గర మీటరు ఊగుతోంది. ఆ అర వోల్టు ఎటు పోయిందో వెతకడానికి ఇద్దరికీ మధ్యాహ్నమంతా పట్టింది. చివరికి ఒక తీగ, పై తొడుగు బాగానే ఉన్నా లోపల పోగులు తెగి రెండే మిగిలి ఉన్నట్టు తేలింది. "నీ సూత్రం ఈ తీగను చూపించేదేనా?" అన్నారు, చిన్నపిల్లలా మురిసిపోతూ. దొరికిన దొంగ తీగ సంతోషంలో నా దొంగతనం సంగతి ఆవిడ మర్చిపోయారు. నేను మాత్రం మర్చిపోలేదు.

రెండో ఏడు ప్రాజెక్టుకు నేను మా బోరునే ఎంచుకున్నాను. నాయనకు మూడెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు. బోరులో నీళ్ళు అడుగంటినా మోటారు అలాగే తిరిగితే కాలిపోతుంది. అందుకని నాయన మోటారు వేసినంతసేపూ గట్టున కూర్చుని ఉండేవాడు. నీళ్ళు తగ్గగానే దానంతటదే మోటారును ఆపే పెట్టె ఒకటి చేశాను. అందులో స్టార్టరుకు పోయే కరెంటును తెంచేది రిలే అనే చిన్న మీట. ఒక రిలే చూపించి ఇది సరిపోతుందా అని మేడంను అడిగాను. ఆవిడ ఏవో పేపర్లు దిద్దుతూ, తల ఎత్తకుండానే, "సాలుతాది, పెట్టు," అన్నారు. ల్యాబులో చక్కగా పనిచేసింది. ఇంటికి తెచ్చి బిగించాను.

పదిహేను రోజులు బాగానే నడిచింది. నాయనకు నమ్మకం కుదిరింది. ఒకరోజు మోటారు వేసి, పెట్టె ఉంది కదా అని రొద్దం సంతకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి మోటారు కాలిపోయి ఉంది. పురుగులు ఆకు విపరీతంగా తినే ఆఖరి వారం అది. తోటకు తడి లేక ఆకు వాడుతోంది.

"నీ పెట్టెను నమ్ముకోని పోతిని," అన్నాడు నాయన. అంతే. అరిచి ఉంటే తట్టుకునేదాన్ని. మర్నాడు నేను సంచి సర్దుకుంటుంటే, "యాడికి? సదివింది సాల్లే పాపా. ఆకు కోసేదానికి మనుషులు లేరు," అన్నాడు.

నాలుగు రోజులు కాలేజీకి వెళ్ళలేదు. ఐదోరోజు మేడమే బస్సు దిగి, దారి కనుక్కుంటూ ఎండలో మా తోటకు వచ్చారు. మంచినీళ్ళు కూడా తాగకుండా పెట్టె దగ్గర కూర్చుని రిలే ఊడదీశారు. బ్లేడుతో దాని తొడుగు కోసి లోపల చూశారు. మోటారు ఆగడానికి విడిపోవాల్సిన రెండు రాగిముక్కలు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. తర్వాత స్టార్టరుకు మీటరు పెట్టారు. నాలుగు వందల వోల్టులు దాటి చూపించింది. ల్యాబులో మేము పరీక్షించింది ఇంటి కరెంటుతో, రెండు వందల ముప్పైతో. ఆ రిలే తట్టుకునేది అంతే.

ఆవిడ లేచి నాయన ఎదురుగా నిలబడ్డారు. "అన్నా, పాప తప్పు లేదు. ఈ రిలే సాలుతాదా అని నన్ను అడిగింది. మీ స్టార్టరుకు ఎంత కరెంటు వస్తాదని నేను అడగలేదు. చూడకుండానే సాలుతాదంటి. మీ మోటారు కాల్చింది నేను."

అంత చదువుకున్న మనిషి, మట్టిలో నిలబడి తనతో ఆ మాట అంటే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాయనకు తెలియలేదు. "అట్లంటే ఎట్ల మేడమ్మా, కూర్చోండి," అంటూ భుజం మీది తువ్వాలు తీసి గట్టు తుడిచాడు.

ఆవిడ కూర్చుని ఇంకో ప్రశ్న వేశారు. "ఈ పెట్టె లేనప్పుడు నీళ్ళు అయిపోతాండాయని నీకెట్ల తెలిసేది అన్నా?"

"పైపు గొంతు మారతాది," అన్నాడు నాయన. "మొదట బరువుగా ఉంటాది. తర్వాత నీళ్ళు తెగి తెగి వస్తాయి. ఆకరికి దగ్గినట్టు ఒక సప్పుడు. ఆ దగ్గు ఇన్నానంటే ఆపేస్తా."

మేడం కళ్ళజోడు దించుకుని పుస్తకం తీశారు. "దగ్గు ఎంతసేపటికి వస్తాది? ఎండాకాలం ఒక రకం, వానాకాలం ఒక రకమా?" అడుగుతూ రాసుకుంటున్నారు. నాయన చెబుతున్నాడు. ఇరవై ఏళ్ళు ఆ గట్టు మీద కూర్చుని తెలుసుకున్నదంతా చెబుతున్నాడు. నేను ఆయన కూతురిని, ఆ పెట్టె చేసినదాన్ని, ఒక్కసారీ అడగలేదు. ఆ సంగతి అక్కడ నిలబడే తెలుసుకున్నాను.

పక్కతోటవాళ్ళు ఆకు ఇచ్చారు. సగం పురుగులు పోయాయి, సగం గూడు కట్టాయి. మోటారు పెనుకొండలో వైండింగు చేయించుకుని వచ్చాం. మేడం మరుసటి ఆదివారం వచ్చి, దగ్గరుండి నాతోనే సరైన రిలే బిగించారు. సోమవారం పొద్దున నాయనే నా సంచి తెచ్చి బస్సులో పెట్టాడు. "ఆ మేడం దగ్గరైతే పో," అన్నాడు.

పుష్పావతి మేడం ఇప్పుడు లేరు. పోయిన సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, ఆఖరిచూపు దక్కలేదు. ఈ పనిలో కొత్తగా దిగినప్పుడు ఒక నేతగాడి ఇంటికి వెళ్ళాను. బోర్డు విప్పేముందు, మగ్గం మీద కూర్చునే ఆయన భార్యను, చెడిపోకముందు ఇది ఎట్లుండేదక్కా అని అడిగాను. ఆమె భర్త వైపు చూసింది. "నన్నా అడిగేది?" అంది. నిన్నే అన్నాను. ఆమె చేతిలోని దారపు కండె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మొదలుపెట్టింది. నేను పుస్తకం తీశాను.