జవాబు పంపాం సార్

నెట్‌వర్క్ పనిలో నాకు అన్నిటికంటే ఒళ్లు మండే మాట ఒకటుంది: “మా వైపు అంతా బాగుంది సార్.” అందరి వైపూ బాగుంటే నన్ను ఖమ్మం నుంచి బండి మీద ఏన్కూరు దాటించి ఎందుకు రప్పించినట్టు?

ఆ రోజు రప్పించింది అడవి అంచున ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానా. రోడ్డు పనుల్లో పాత కేబుల్ తెగిపోతే, ముందురోజే టవర్ లైన్‌కు మారారు. అప్పటి నుంచి రోగుల వివరాలు తెరుచుకోవడం లేదు. అవి దవాఖానాలో ఉండవు, హైదరాబాద్‌లో కిరాయికి తీసుకున్న సర్వర్‌లో ఉంటాయి.

నేను వెళ్లేసరికి వరండా బల్ల మీద ఒక కోయ అవ్వ, పక్కన ఆమె కోడలు. అవ్వ భుజానికి కట్టిన గుడ్డలో పసిబిడ్డ. కోడలు బాలింత. రొమ్ములో గడ్డ లేచి, చీము పట్టి, జ్వరంతో వణుకుతోంది. సిస్టర్ నన్ను లోపలికి పిలిచింది.

“అన్నా, కాన్పప్పుడు ఇక్కడ్నే ఇంజెక్షన్ ఇస్తే ఒళ్లంత దద్దుర్లొచ్చి ఊపిరాడలేదంట. ఏ ఇంజెక్షనో వాళ్లకు ఎరుక లేదు. అప్పటి సిస్టర్ పని మానేసి పోయింది. అది తెల్వకుండ సూది ముట్టొద్దని డాక్టర్ ఫోన్ల చెప్పిండు. జల్దీ చూడు.”

చూస్తూనే ఉన్నాను. మేం అడిగింది పోతోంది, తిరిగి ఏమీ రావడం లేదు. వైర్లు మార్చాను, రూటర్ ఆపి మళ్లీ వేశాను. సర్వర్ కంపెనీకి ఫోన్ చేస్తే అక్కడి ఇంజనీరు నిమ్మకు నీరెత్తినట్టు అన్నాడు. “మా వైపు అంతా బాగుంది సార్. మీరు అడిగింది వచ్చింది, జవాబు పంపాం.”

మళ్లీ చేసినా అదే పాట. బయట కోడలి మూలుగు వినిపిస్తుంటే నాకు తలప్రాణం తోకకొచ్చింది. అరిచేశాను. “పంపిన్రు సరే, ఎటు పంపిన్రు?”

అటు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు తగ్గించి, “జవాబులు పాత లైన్‌కే పోతున్నాయి సార్” అన్నాడు. మనం ఇల్లు మారితే, పాత కిరాయి ఇంట్లో పెళ్లిపత్రిక పడేసి, ఇచ్చాం కదా అని దబాయించినట్టుంది వీళ్ల వ్యవహారం. అతను రూటు మార్చాడు. మా స్క్రీన్ కదిలింది.

గెలిచాననే అనిపించింది, అబద్ధమెందుకు. సిస్టర్ కోడలి పేరు కొట్టింది. కాన్పు తేదీ ఉంది, బిడ్డ బరువు ఉంది. ఇచ్చిన మందు, పడని మందు అన్న గళ్లు రెండూ ఖాళీ. పైకీ కిందికీ జరిపి చూశాం. ఎవరూ నింపలేదు.

ఇక ఖమ్మం పెద్దాసుపత్రికి పంపడమే. సిస్టర్ ఆంబులెన్స్ కోసం ఫోన్ అందుకుంది. గుమ్మంలోంచి అవ్వ అడిగింది, “ఏమొచ్చింది సారూ?”

ఆ ఖాళీ గళ్ల మీది కోపంతో తల తిప్పకుండానే చెప్పాను. “ఏం లేదవ్వా.”

సిస్టర్ ఫోన్ పెట్టేశాక నేను తల తిప్పేసరికి బల్ల మీద ఎవరూ లేరు. బయటికి పరుగెత్తాను. గేటు దగ్గర అవ్వ కోడలిని షేర్ ఆటో ఎక్కించేసింది. కోయలో ఏదో చెబుతూ ఆమె చెంప నిమురుతోంది. అవ్వ ముఖంలో ఎంత సంబరమో! నన్ను చూసి చేతులు జోడించింది.

“ఏం లేదన్నవు గద సారూ, సల్లగుండు. ఇంటికి తీస్కపోత.”

వెంటనే ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. “జబ్బు లేదని కాదవ్వా. కంప్యూటర్ల ఏం రాయలేదంటున్న. ఖమ్మం పోవాలె, బండి వస్తది.”

ఆమె చేతులు ఇంకా జోడించే ఉన్నాయి.

“రాయని దానికి పొద్దటిసంది మమ్ముల ఎందుకు కూసోబెట్టిన్రు సారూ?”

సిగ్గుతో చచ్చిపోయాను. కోడలిని దించడానికి చెయ్యి అందించాను. పట్టుకున్న ఆమె చెయ్యి పెనంలా కాలుతోంది.