నిదానం గారు ప్రాసెసరు ఎంచుకున్న వైనం

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. మేనేజరు దగ్గర్నుంచి టైర్లకి గాలి పట్టేవాడి దాకా అందరికీ ఆయన నిదానం గారే. బద్ధకస్తుడని కాదు. ఆయన బ్రేకు వేస్తే నిలబడ్డ మనిషి తూలడు, ఒళ్ళో నిద్రపోతున్న పిల్ల ఉలిక్కిపడదు. అలా వచ్చింది ఆ పేరు. ఆయన బండిలో పనిచేసే కండక్టరయితే ఏళ్ళ తరబడి బతిమాలి మరీ అదే బండికి డ్యూటీ వేయించుకున్నాడు. "మా అన్న నడిపితే నిలబడి టీ తాగొచ్చు, చుక్క ఒలకదు" అని ఊరంతా చెప్పుకునేవాడు.

ఒక చలికాలం పొద్దున బండి నడుపుతుంటే అద్దానికి మంచు పట్టిందనుకున్నారు నిదానం గారు. గుడ్డతో తుడిచారు. పోలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అయినా కుడివైపంతా పొగ కమ్మినట్టే ఉంది. అంతలో ఆ వైపు నుంచే ఒక సైకిలావిడ బస్సుకి అతి దగ్గరగా దూసుకుపోయింది. ఆవిడ పక్కకొచ్చిందన్న సంగతే ఆయనకి తెలీలేదు. ఆవిడ తిట్టిన తిట్టు వినిపించాకే తెలిసింది.

తర్వాతి స్టాపులో బండి పక్కకి తీసి ఆపారు. ఇంజను కట్టేసి, తాళంచెవి పట్టుకుని కండక్టరు దగ్గరికి నడిచొచ్చారు.

"డిపోకి ఫోన్ చేసి వేరే డ్రైవర్ని రమ్మను. నేనిక నడపను."

"అదేంటన్నా? ఒంట్లో బాగాలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. కన్ను కనపడట్లేదు."

ప్రయాణికుల్లో కొందరు ఆఫీసుకి ఆలస్యమైపోతోందని గొడవ పెట్టారు. ఆయన అందరికీ చేతులు జోడించి, కిందకి దిగి స్టాపులో బెంచీ మీద కూర్చున్నారు. ఇంకో డ్రైవరు వచ్చి బండి తీసుకెళ్ళేదాకా అక్కడే ఉన్నారు.

కంటి వెనక రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టరు గారు. కుడికంటికి చూపు ఇక రాదు, ఎడమకన్ను భేషుగ్గా ఉంది, చదువుకోవచ్చు, టీవీ చూడొచ్చు, బస్సు మాత్రం కుదరదన్నారు. డిపో వాళ్ళు మంచివాళ్ళే, టైర్ల స్టోరులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. రబ్బరు వాసన, ఒక ఫ్యాను, ఎప్పుడైనా ఎవరైనా వచ్చి అడిగితే తీసివ్వడం. పనిలో కష్టమేం లేదు, మనిషే తగ్గిపోతూ వచ్చారు. ఇంట్లో గ్లాసులో నీళ్ళు పోస్తే బయట పడేవి. ఏది ఎంత దూరంలో ఉందో ఒక్క కంటికి అందేది కాదు. ఆయన భార్య ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. సాయంత్రాలు ఆవిడకి సూదిలో దారం ఎక్కించేది ఆయనే. ఇప్పుడు ఎక్కించబోతే దారం సూది పక్కనుంచి పోతోంది. ఆవిడ చూసీ చూడనట్టు చేతిలోంచి తీసుకుని, "ఉండనీండి, ఈ సూది బెజ్జమే చిన్నది" అనేది.

డిపో నుంచి ఇంటికెళ్ళే దారిలో ఒక కంప్యూటర్ల షాపు ఉంది. నడుపుతున్నావిడ ముప్ఫై దాటిన మనిషి, జేబులో ఎప్పుడూ స్క్రూడ్రైవరుంటుంది. ఒకరోజు అద్దాల లోపల పెద్ద తెర మీద వాన పడుతున్న వీధి కనిపించింది నిదానం గారికి. ఆ వీధిలో బస్సు. తెర ముందు స్టీరింగు, కింద పెడళ్ళు, కుర్చీలో ఎవరూ లేరు. బస్సు స్టాపులో ఆగి ఉంది, వైపర్లు మాత్రం ఆడుతున్నాయి. ఆయన ఎంతసేపు నిలబడ్డారో ఆయనకే తెలీదు.

షాపావిడ తలుపు తీసింది. "లోపలికి రండి బాబాయ్ గారూ. చూసినందుకు బిల్లు వెయ్యను."

కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన స్టీరింగు మీద చేతులు వేశారు గానీ తిప్పలేదు. అరచేత్తో కుడికన్ను మూశారు, తీశారు, మళ్ళీ మూశారు.

"అమ్మా, నువ్వొకసారి ఒక కన్ను మూసుకుని ఈ తెర చూడు. ఏమైనా మారిందా?"

ఆవిడ మూసి చూసింది. "ఏం మారలేదు. తెర బల్లపరుపు కదా బాబాయ్ గారూ. ఒక కంటికైనా రెండు కళ్ళకైనా అంతే కనపడుతుంది."

ఆయన స్టీరింగుని మెల్లగా ఒకసారి తిప్పి చూశారు. తర్వాత, "ఇలాంటిది నాకొకటి చేసిపెడతావా?" అన్నారు.

ఇంట్లో సంగతి చెబితే భార్య మిషను ఆపింది. "కంప్యూటరులో ఆటలా? మీరా?"

"బస్సు ఒక్కటే. వేరే ఆటలు నాకెందుకు?"

"ఆడితే నాకేం బాధ లేదండీ. కానీ దాని ముందు కూర్చుని ఇంకా దిగులు పెంచుకుంటారేమోనని."

"ఏమో. పెరిగితే తీసేద్దాం."

ఆవిడ మళ్ళీ మిషను మీద చెయ్యి వేసి, "నా మిషను కంటే ఎక్కువ చప్పుడు చెయ్యకూడదు మరి" అంది. ఒప్పుకున్నట్టే.

ఆదివారం కండక్టరుని వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళారు. కండక్టరు ఎక్కడెక్కడో విని వచ్చాడు. కాలు లోపల పెడుతూనే, "అమ్మాయ్, పదహారు కోర్ల ప్రాసెసరు చూపించు. ఉన్నవాటిలో పెద్దది" అన్నాడు.

షాపావిడ నవ్వి, నిదానం గారి వైపు తిరిగింది. "ప్రాసెసరంటే బస్సుకి ఇంజను లాంటిదనుకోండి..."

"ఇంజను సంగతి నాకు తెలుసమ్మా. ప్రాసెసరు సంగతే చెప్పు."

ఆవిడ స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఆ బస్సు ఆటలో బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు. కానీ ఏ కారు ఎటు మలుపు తిరగాలి, సిగ్నలు ఎప్పుడు మారాలి, స్టాపులో ఎవరు ఎక్కాలి, ఎవరు దిగాలి, ఇవన్నీ లెక్కకట్టేది ప్రాసెసరు. దాని లోపల లెక్కలు చేసే భాగాల్ని కోర్లంటారు, ఆ లెక్కల్లో ఎక్కువ భాగం ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. మిగతావి దాదాపు ఖాళీగా కూర్చుంటాయి. వీధి రద్దీగా ఉన్నప్పుడు ఆ ఒకటి రెండు కోర్లు వెనకబడితే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది.

"అంటే పదహారు మంది డ్రైవర్లున్నా స్టీరింగు ఒక్కటేనన్నమాట" అన్నాడు కండక్టరు. ముఖం మాడ్చుకున్నాడు గానీ విషయం పట్టేశాడు.

"వీడియోలు తయారుచేసే వాళ్ళకి పదహారూ పనికొస్తాయి. మీకు ఎనిమిది చాలు. ఇదిగో, ఇందులో క్యాష్ మెమరీ ఎక్కువ. మాటిమాటికీ కావలసిన లెక్కల్ని ర్యామ్ దాకా వెళ్ళకుండా తన దగ్గరే పెట్టుకుంటుంది. ఇలాంటి ఆటలకి దీన్ని మించింది నా దగ్గర లేదు."

"నువ్వైతే ఏది తీసుకుంటావు?" అడిగారు నిదానం గారు.

"ఇదే. పైగా తక్కువ వేడెక్కుతుంది. ఫ్యాను గట్టిగా తిరగదు."

"అయితే ఇదే. ఇంట్లో చప్పుడు విషయంలో మాట ఇచ్చాను."

మదర్‌బోర్డు దగ్గర అంత తొందరగా తేలలేదు. మిగతా భాగాలన్నీ బిగించే పలక అది. షాపావిడ మూడు తెచ్చి బల్ల మీద పరిచింది. మూడిట్లోనూ ఆ ప్రాసెసరు కూర్చునే సాకెట్టే ఉంది. సాకెట్టు కలవకపోతే ఎంత మంచి ప్రాసెసరైనా పేపర్ల మీద బరువుకి పెట్టుకోవాల్సిందేనంది. ఒకటి అంచుల నిండా రంగుదీపాలున్నది. కరెంటిచ్చి చూపిస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ అలలు అలలుగా పరిగెత్తాయి.

"అన్నా, ఇది చూడు! పెళ్ళివారిల్లే" అన్నాడు కండక్టరు.

నిదానం గారు ముఖం పక్కకి తిప్పేసుకున్నారు. "ఉన్నది ఒక్క కన్ను. దాంట్లోకి ఈ దీపాలెందుకురా?"

రెండోది పల్చగా ఉంది. దాన్ని బల్ల మీదే ఉంచి చుట్టూ తిరిగి చూశారు. వెనకవైపు యూఎస్‌బీ రంధ్రాలు లెక్క చూసుకుని, స్టీరింగు, పెడళ్ళు, గేరు, కీబోర్డు, మౌసు అనుకుంటూ వేలు మడిచారు. "పెన్‌డ్రైవు పెట్టాలంటే దేన్నో ఒకదాన్ని పీకాలి" అన్నారు. మూడోది నల్లగా, ఏ హంగూ లేకుండా ఉంది. సాకెట్టు పక్కన దళసరి లోహపు పలకలు బిగించి ఉన్నాయి.

"ఇవెందుకమ్మా?"

"ప్రాసెసరుకి కరెంటు అందించే భాగాలు వీటి కింద ఉంటాయి. అవి వేడెక్కకుండా. పల్చటి బోర్డుకి ఇవి లేవు. ఇంకో సంగతి, ఈ సాకెట్టు కొత్త రకం. నాలుగేళ్ళ తర్వాత ఇంకా మంచి ప్రాసెసరు కావాలన్నా బోర్డు మార్చక్కర్లేకపోవచ్చు."

"నాలుగేళ్ళ సంగతి ఇప్పుడెందుకు గానీ, ఇది తీసుకుంటాను. చూడ్డానికి పనిచేసే మనిషిలా ఉంది."

బిగించడం కూడా అక్కడే మొదలుపెట్టింది షాపావిడ. సాకెట్టు గుంటలో వెంట్రుకల్లాంటి పిన్నులు వరసలు వరసలుగా మెరుస్తున్నాయి. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే. కండక్టరు మీదకి వంగబోతే నిదానం గారు చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, తన చేతులు రెండూ వీపు వెనక కట్టుకుని నిలబడ్డారు. ఆవిడ ప్రాసెసరుని మూల గుర్తు చూసి, నొక్కకుండా వదిలింది. అదే వెళ్ళి సర్దుకుంది. మీట వేసి, పైన కూలరు బిగించి, ర్యామ్ పెట్టి, గ్రాఫిక్స్ కార్డు తగిలించి స్విచ్ నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది. బోర్డు మూల చిన్న ఎర్రదీపం వెలిగింది.

"పోయిందా?" అన్నాడు కండక్టరు.

"పోలేదు. ఈ బోర్డు తయారయ్యాక వచ్చిందండీ ఈ ప్రాసెసరు. భాగాలన్నిటినీ గుర్తుపట్టి నిద్రలేపే ప్రోగ్రాము బోర్డులో ఉంటుంది, ఆ పాత బయోస్‌కి ఇదెవరో తెలీదు. పరిచయం చెయ్యాలి." కంపెనీ సైటులోంచి కొత్త బయోస్ ఫైలు పెన్‌డ్రైవులోకి ఎక్కించి, వెనక గుర్తుపెట్టి ఉన్న రంధ్రంలో గుచ్చి, పక్కనున్న చిన్న మీట కాసేపు నొక్కిపట్టింది. దీపం మిణుకుమిణుకుమంది. "ఇది ఆరిపోయేదాకా ఎవరూ ప్లగ్గు జోలికి పోవద్దు. మధ్యలో కరెంటు ఆగితే మాత్రం నిజంగానే పోతుంది."

కండక్టరుకి కాలు నిలవలేదు. షాపులో ఆ చివరి నుంచి ఈ చివరికి పచార్లు చేశాడు. నిదానం గారు గోడవారన కుర్చీలో కూర్చుని, ఈ పని ఎక్కడ నేర్చుకున్నావంటూ ఆవిడ్ని మాటల్లో పెట్టారు. ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేటప్పుడు పాడైనవి విప్పి చూస్తూ నేర్చుకుందట. మొదట విప్పినదాన్ని మళ్ళీ బిగించలేక ఏడ్చిందట. ఆ మాటల్లో ఉండగానే దీపం ఆరింది. స్విచ్ నొక్కితే తెర వెలిగి, ప్రాసెసరు పేరు స్పష్టంగా కనిపించింది. షాపావిడ ఊపిరి వదిలింది. అంతసేపూ ఆవిడ కూడా బిగబట్టుకునే ఉందని అప్పుడు తెలిసింది వాళ్ళిద్దరికీ.

ఇంట్లో కుట్టుమిషను పక్కన, గుడ్డలు కత్తిరించే బల్ల చివర చోటు దొరికింది. ఆ సాయంత్రం నిదానం గారు స్టీరింగు ముందు కూర్చుంటే, వెనక కండక్టరు నిలబడి "రైట్ రైట్" అన్నాడు. బస్సు కదిలింది. మొదటి మలుపులోనే ఫుట్‌పాత్ ఎక్కి దీపస్తంభాన్ని గుద్దింది. రెండోసారి ఆగి ఉన్న కారుని. మూడోసారి స్టాపు దాటిపోయి ఎక్కడో ఆగితే, తెరలోని ప్రయాణికుడెవరో గట్టిగా విసుక్కున్నాడు. కండక్టరు నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాడు.

నిదానం గారు నవ్వలేదు. కంప్యూటరు కట్టేసి, దాని మీద గుడ్డ కప్పారు. వారం పైనే గడిచింది, ముట్టుకోలేదు. భార్యకి తను భయపడినంతా అయిందనిపించింది. అయినా ఆ గుడ్డ జోలికి పోకుండా తన పని తను చేసుకుంది. చివరికి ఒక మధ్యాహ్నం కుడుతూ కుడుతూ అడిగింది.

"అసలు ఎక్కడ తేడా వస్తోందండీ?"

"బ్రేకు తొక్కితే ఒళ్ళు ముందుకి వాలాలి. మలుపు తిరిగితే నడుం చెప్పాలి. కుర్చీ కదలదు, నాకేం తెలుస్తుంది? కంటితోనే నడపాలి. నేనెప్పుడూ కంటితో ఒక్కదాంతోనే నడపలేదు."

"నేనూ కొత్త మిషను కొన్నప్పుడు గుడ్డంతా పాడుచేశాను. చెవితో నేర్చుకున్నాను. చప్పుడు మారితే దారం బిగిసిందని తెలిసేది."

ఆయన గుడ్డ తీశారు. ఈసారి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంజను శబ్దం విన్నారు. అద్దాల అమరిక మార్చారు, తెరలో సీటు కాస్త వెనక్కి జరిపారు. రద్దీ లేని పొద్దుటి దారి ఎంచుకుని, ఖాళీ బస్సుతో అదే నాలుగు వీధులు తిరిగారు. పదిరోజులకి గుద్దుకోవడం తగ్గింది. నెల తిరిగేసరికి సాయంత్రపు రద్దీలో, వానలో, బస్సు నిండా జనంతో వెళ్ళి వస్తున్నారు. నిండు కూడలిలో కూడా బొమ్మ ఎక్కడా తడబడలేదు.

కన్ను పోయిన దగ్గర్నుంచి ఆయన అసలు బస్సే ఎక్కలేదు, డిపోకి నడిచే వెళ్ళేవారు. ఒక ఉదయం ఎవరికీ చెప్పకుండా స్టాపులో నిలబడి, కండక్టరు బండి రాగానే ఎక్కారు. కొత్త డ్రైవరు కుర్రాడు బ్రేకు కాస్త మొరటుగా వేశాడు. కండక్టరు ఆయన వైపు భయంభయంగా చూశాడు.

"బాగానే నడుపుతున్నాడు" అన్నారు నిదానం గారు, టికెట్టు తీసుకుంటూ. "క్లచ్ మీంచి కాలు తీస్తే ఇంకా బాగుంటుంది. ఇప్పుడేం చెప్పకు, డిపోలో నేనే మాట్లాడతాను." మాట్లాడారు కూడా. అప్పట్నుంచి కొత్తగా చేరిన డ్రైవర్లు టీ వేళకి టైర్ల స్టోరు వైపు రావడం అలవాటు చేసుకున్నారు.

ఇంట్లో ఇంకో మార్పు వచ్చింది. ఒకరోజు ఆయన డ్యూటీ నుంచి వచ్చేసరికి కుట్టుమిషను ఖాళీగా ఉంది, స్టీరింగు ముందు భార్య ఉంది. బస్సు నడిచేవాళ్ళ కంటే మెల్లగా పోతోంది. వెనక కార్లు ఒకటే హారన్లు.

"కొంచెం యాక్సిలరేటరు..." అనబోయారు.

"పనిలో ఉన్న డ్రైవరుతో మాట్లాడకూడదని మీరేగా చెప్పేవారు?" అంది ఆవిడ, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన మిషను ముందున్న ఆవిడ స్టూలు లాక్కుని వెనక కూర్చున్నారు. స్టాపు రాబోతోంది.