అవ్వ ముందు తిన్న డబల్ బీన్సు

మొన్న హిందూపురం మార్కెట్లో ఒకామె చాటలో డబల్ బీన్సు గింజలు పోసుకుని అమ్ముతుంటే, ఆకుపచ్చ ఛాయ ఇంకా పోని ఆ వెడల్పాటి గింజలను అరచేతిలోకి తీసుకుని ఎంతసేపు నిలబడిపోయానో ఏమో, నా వెనక ఉన్నవాళ్లు విసుక్కునేదాకా నాకు తెలియలేదు. నా ఈడువాళ్లకు చెబితే అర్థమవుతుంది, కొన్ని గింజలు చూస్తే నోరూరదు, కళ్లు తడుస్తాయి.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం నాళ్లలో పట్టు నూలు దొరకడం కష్టమై, చివరికి మా మగ్గం పూర్తిగా ఆగిపోయింది. పొద్దున లేస్తే వినిపించే చప్పుడు లేక ఇల్లు చావు జరిగిన ఇల్లులా ఉండేది. నాయన అరుగు మీద కూర్చుని వీధి చివరికి చూస్తూ ఉండేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు. అమ్మ మాత్రం పెరట్లో ఏదో ఒకటి పండించి రాగి సంగటిలోకి ఇంత కూర చేయాలని తాపత్రయపడేది. అది విని హిందూపురంలో ఉండే మా పెద్దమ్మ, బెంగళూరు నుంచి ఎవరో తెచ్చియిచ్చిన డబల్ బీన్సు విత్తనాలు గుడ్డలో కట్టి, రైల్లో వచ్చి ఇచ్చిపోయింది. అలాంటి గింజను మా వీధిలో అప్పటికి ఎవరూ ఎరగరు.

మొదటిసారి అమ్మ ఆత్రపడి వాటిని రాత్రంతా నానబెట్టి ఎండాకాలంలోనే నాటింది. సగం కుళ్లిపోయాయి. మొలిచిన తీగలకు పూత బాగానే వచ్చింది గానీ మా ఊరి ఎండకు ఒక్క పువ్వూ నిలవలేదు. పెద్దమ్మ మళ్లీ వచ్చినప్పుడు నవ్వి, ఇంకొన్ని విత్తనాలు ఇచ్చి, దీనికి చల్లదనం కావాలి, వానలు తగ్గుముఖం పట్టాక మట్టి ఎత్తు చేసి నాటు, నానబెట్టకు, మొదట్లో నీళ్లు నిలవనీయకు అని చెప్పింది. అమ్మ అలాగే చేసింది. మాగిన పెంట ఎరువు మట్టిలో కలిపి, గుంతకు రెండు గింజల చొప్పున వేసి, తీగలకు పేనుబంక పట్టినప్పుడు తెల్లవారుజామున మంచు తడి ఆరకముందే ఆకుల మీద పొయ్యి బూడిద చల్లేది.

తీగలు సాగి నేల మీద పడుతుంటే, ఎవరూ అడగకుండానే నాయన అరుగు దిగి వచ్చాడు. వెదురు బొంగులు పాతి, మూలన పడివున్న మగ్గం తాళ్లు తెచ్చి పందిరి అల్లాడు. మగ్గం మీద పడుగు నూలు బిగువు చూసినట్టు ఒక్కొక్క తాడునూ వేలితో మీటి చూసుకుంటుంటే, వంటింటి గడపలో నిలబడ్డ అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎందుకు ఏడ్చిందో తెలుసుకునే వయసు కాదు నాది.

చలికాలానికి పందిరి నిండా గుత్తులు గుత్తులుగా కాయలు. కానీ మా అవ్వ, అంటే నాయన తల్లి, వాటిని ముట్టనివ్వలేదు. అవ్వది పెనుకొండ దగ్గర మెట్టపల్లె. ఆమె చిన్నతనంలో వచ్చిన కరువులో, కొండలో దొరికిన పేరు తెలియని గింజలు తిని ఆమె తమ్ముడు చనిపోయాడట. బాగా ఉడికించి ఆ నీళ్లు వంచేస్తే ఏమీ కాదని పెద్దమ్మ చెప్పిందని అమ్మ ఎంత నచ్చచెప్పినా ఆమె వినలేదు. చివరికి ఒక మధ్యాహ్నం అమ్మ పులుసు దించగానే, గిన్నె తన ముందుకు లాక్కుంది.

"ముందు నేను తింటా. సాయంత్రానికి నేను బాగుంటే మీరు తినండి. నాదేముండాది, బతికినంత బతికితి."

"అట్లంటావేమత్తా, నేను తింటాలే" అంది అమ్మ కంగారుగా.

"నువ్వు బిడ్డల తల్లివి. నీకేమన్నా అయితే వీళ్ల గతేంది? కూచో ఆడ."

తిని, చేయి కడుక్కుని, గోడవార చాప వేసుకుని పడుకుంది. మేమంతా చుట్టూ కూర్చున్నాం. ఎన్నాళ్లుగానో మాట మరిచిన నాయన, "అమ్మా, ఎట్లుండాది? కడుపులో ఏమన్నా నొప్పా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆమెకు కునుకు పట్టాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. అవ్వ కళ్లు తెరవకుండానే అంది: "బతికే ఉండా లేరా! బిడ్డోళ్లు ఆకలిమీదుండారు, సంగటి కెలకమను పో."

నాయన నవ్వాడు. మగ్గం ఆగాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ పూట మేము తిన్న సంగటి, ఆ పులుసులో వెన్నలా కరిగిన గింజలు, వాటి రుచి నేను మాటల్లో చెప్పలేను. ఆ చలికాలమంతా మేమే కాదు, మగ్గాలు ఆగిన ఇరుగుపొరుగూ ఆ పందిరి కింద నుంచి ఒడి నింపుకుని పోయారు. యుద్ధం ముగిశాక మళ్లీ పట్టు వచ్చింది, మగ్గం ఆడింది.

ఇప్పుడు మా వీధిలో పెరళ్లు లేవు, ఆ జాగాల్లోనూ గదులు లేచాయి. ఏది కావాలన్నా అంగట్లో దొరుకుతుంది, తినడానికి భయపడే పనిలేదు. నా వయసు అవ్వ వయసును దాటింది. ఇంటిల్లిపాది కోసం ముందుగా ఒక ముద్ద తిని చూడవలసిన రోజు నాకు రాలేదు, అది నా అదృష్టమే. వచ్చివుంటే ఆమెలా నిబ్బరంగా గిన్నె ముందుకు లాక్కునేదాన్నా అని ఒక్కోసారి నన్ను నేనే ప్రశ్నించుకుంటాను. లాక్కునేదాన్నేనని గట్టిగా చెప్పుకోలేక, మనసులోనే ఆమెకు దండం పెట్టుకుంటాను.