సూరత్ బండ్ల మీది వంపు తీగ

పోయిన ఏడాది పతంగుల పండగ రోజుల్లో, సూరత్‌లో ఒక ఫ్లైఓవర్ మీద మా తమ్ముడు శ్రీనివాస్ మెడకు గాజుపొడి పూసిన మాంజా దారం కోసుకుంది. మరమగ్గాల కార్ఖానాలో పని ముగించుకొని స్కూటర్ మీద ఇంటికి వస్తున్నాడు. ప్రాణం దక్కింది కానీ, ఫోనులో నేనెరిగిన గొంతు మళ్లీ వినిపించలేదు. ఈసారి పండగ దగ్గర పడగానే మరదలు లత ఫోన్ చేసింది.

"వదినా, మా సొసైటీల బండ్లకు ఇనుప తార్‌లు బిగిచ్చినం. కాలేజోళ్లు వచ్చి పరీక్ష గూడ చేస్తరట. నువ్వు పిల్లలకు సైన్సు చెప్తవు గద, జర వచ్చి చూడరాదు?"

బడికి సెలవులు ఇవ్వగానే, సాయంత్రం ఏడు దాటాక వరంగల్‌లో అహ్మదాబాద్ రైలు ఎక్కాను. జనవరిలో ఈ దారిన వెళ్లేవాళ్లు స్లీపర్ బెర్త్ చాలా ముందే తీసుకోవాలి; నాకు తత్కాల్‌లో దొరికింది. ఇంటి నుంచి కట్టుకొచ్చిన పులిహోర బల్లార్షా రాకముందే అయిపోయింది. తెల్లారాక భుసావల్‌లో టీ, అరటిపండ్లు. ఎదురు బెర్త్‌లోని పెద్దావిడ కొడుకు దగ్గరికి సూరత్ పోతోంది. నా సంగతి విని, "పండగ రెండు దినాలు బండెక్కకు బిడ్డా, నడువు" అని మాట తీసుకుంది. నందుర్బార్ దాటాక ఆకాశంలో పతంగులు మొదలయ్యాయి. మధ్యాహ్నం రెండు దాటాక సూరత్‌లో దిగాను.

స్టేషన్ బయట తమ్ముడు వాళ్లుండే లింబాయత్ వైపు షేర్ ఆటోలు సులువుగానే దొరుకుతాయి. ఎక్కి కూర్చున్నాక రోడ్డు వైపు చూశాను. వరాఛా నుంచి వచ్చే వజ్రాల పనివాళ్ల బైకులు, చీరల మూటలు మోసే మోపెడ్లు, కాలేజీ అమ్మాయిల స్కూటీలు, వేటిని చూసినా హ్యాండిల్ ఒక కొస నుంచి ఇంకో కొసకు ఇనుప తీగ వంపు తిరిగి ఉంది. బండి నడిపే మనిషికి ముందు చిన్న తోరణంలా. పైనుంచి తెగి వేలాడే దారం మెడకు తగలకుండా ఆ తీగ ఆపాలి. ఒక ఊరు ఊరంతా తన మెడను ఇలా కాచుకోవడం నేనెక్కడా చూడలేదు.

సొసైటీ గేటు దగ్గరే తమ్ముడు నిలబడి ఉన్నాడు. మెడకు మఫ్లర్. "మంచిగొచ్చినవా అక్కా?" అన్నాడు. ఆ గొంతు గరుకుగా, గాలి కలిసినట్టు ఉంది. ముఖం పక్కకు తిప్పుకొని బ్యాగు అందించాను.

మర్నాడు పొద్దున్నే పార్కింగ్‌లో పరీక్ష. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే హేతల్‌బెన్ ఇద్దరు విద్యార్థులతో వచ్చింది. స్కూటర్ సీటు మీద కర్ర నిలబెట్టి, మనిషి మెడ ఉండేచోట అరటి బోదె కట్టారు. ఎదురుగా రెండు స్తంభాల మధ్య మాంజా లాగి కట్టారు. విద్యార్థులు వెనక నుంచి స్కూటర్‌ను పరిగెత్తిస్తూ నెట్టారు.

మొదటిసారి తీగ లేకుండా చేశారు. చప్పుడు లేదు. స్కూటర్ ఆగాక దగ్గరికి వెళ్లి చూస్తే బోదెలో సన్నని గీత, అందులోంచి నీరు కారుతోంది. వేలు పెడితే సగం దాకా దిగింది. సన్నని అంచు మీద బలమంతా పడితే ఏమవుతుందో ఏళ్ల తరబడి బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. కళ్లారా చూడటం అదే మొదలు. తమ్ముడు అక్కణ్నుంచి లేచి వెళ్లిపోయాడు.

తర్వాత లత వాళ్లు బిగించిన తీగతో చేశారు. దారం తీగకు తట్టుకొని ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు హేతల్‌బెన్ బోదెను పొడుగు మనిషి ఎత్తుకు జరిపించి, దారాన్ని ఏటవాలుగా కట్టించింది. పైనుంచి తెగిపడే దారం ఎక్కువగా అలాగే వస్తుందట. ఈసారి దారం వంపు మీదుగా జారి, నేరుగా బోదెలోకి దిగింది.

అదే కొలత తీగ సొసైటీలో దాదాపు ప్రతి బండికీ ఉంది. తెల్లారితే పండగ.

"పోయిన వారమే బిగిచ్చినం. ఇప్పుడు పనికిరాదంటే జనం నవ్వుతరు లతా" అన్నాడు మగ్గాల మేస్త్రీ ఎల్లయ్య. "పండగైనంక నిమ్మళంగ మారుద్దాం."

లత ఆ బోదె వైపే చూస్తూ, "నవ్వనీ మామా. తార్ ఉన్నది గదా అని ధైర్యంగ పోతరు. ఆ ధైర్యం మనమే ఇచ్చినం" అంది.

హేతల్‌బెన్ పొడవైన తీగ తెప్పించి, వంపు మనిషి తల కన్నా పైకి ఉండేలా వంచింది. మళ్లీ నెట్టారు. దారం తీగ వెంట పైకి జారి, బోదెను తాకకుండా మీద నుంచి వెళ్లిపోయింది. నాలుగైదు రకాల ఎత్తుల్లో చూశారు. ప్రతిసారీ అంతే.

లత సొసైటీ మైకు అందుకుంది. ముందు తెలుగులో, "మేం బిగిచ్చిన తార్ పొట్టిగున్నది. తప్పు మాది. బండ్లు కిందికి తీస్కరాండ్రి, మారుస్తం" అంది. తర్వాత హిందీలో అదే. ఆఖరున గుజరాతీలోనూ తప్పు మాదేనని, "భూల్ అమారీ ఛే."

పై అంతస్తు నుంచి ఒకాయన కోపంగా కేకలేశాడు. ఇంకొకామె కిటికీ మూసేసింది. కాసేపు ఎవరూ దిగలేదు. మొదటగా ఎల్లయ్యే తన మోపెడ్ నెట్టుకొచ్చాడు. ఆ వెనక ఒక్కొక్కటిగా బండ్లు వచ్చి వరుస గేటు దాటింది. ఇందాక కేకలేసినాయన తన బండితో పాటు ఒక పట్టకారు కూడా తెచ్చాడు. తీగ కొసలు పట్టుకోవడం నా పని. అరచేతులు బొబ్బలెక్కాయి. పొద్దు గూకేదాకా పని సాగింది. అద్దాల కాడలకు తీగ బిగించి, నట్టు నట్టునూ చేత్తో కదిపి చూస్తున్న మనిషి తమ్ముడని ఆలస్యంగా గమనించాను.

పండగ రోజు మిద్దె ఎక్కితే ఆకాశం కనపడలేదు, అన్నీ పతంగులే. పతంగి తెగినప్పుడల్లా చుట్టూ మిద్దెల మీద నుంచి "లపేట్! లపేట్!" అని అరుపులు. ఊంధియు కూర, జిలేబీ ఆ మిద్దె మీదే తిన్నాం. ఇంత అందం, ఇంత ప్రమాదం ఒకే దారానికి ఉండటం చూసి ఆశ్చర్యం తీరలేదు.

మర్నాడు తిరుగు ప్రయాణం. ఆటోలు దొరక్క లత తన స్కూటర్ మీదే స్టేషన్‌కు తీసుకెళ్లింది. రైల్లో పెద్దావిడకిచ్చిన మాట తప్పాను. ఫ్లైఓవర్ల మీదికి టూవీలర్లను పోనివ్వడం లేదు. కింది రోడ్డున, బట్టల మార్కెట్ల పక్కగా వెళుతుంటే ముందున్న తీగ గీరుకుపోయిన చప్పుడైంది. మా తలల మీదుగా ఏదో సర్రున సాగింది. లత బండి పక్కకు ఆపింది. చున్నీ చేతికి చుట్టుకొని, రోడ్డుకు అడ్డంగా వేలాడుతున్న ఆ దారాన్ని లాగి, ఉండ చుట్టి చెత్త డబ్బాలో వేసింది.

"ఎనక ఇంకెవరో వస్తరు గద వదినా" అంది.

రైల్లో నా సీటు కింద, వంచిన తీగ ఒకటి పెట్టుకున్నాను, మా బడి టీచర్లకు చూపిద్దామని. పక్కన మంచిర్యాలకు వెళుతున్న మగ్గం కార్మికుడు. "ఏందమ్మా గా తీగ?" అన్నాడు. బోదె సంగతి, మైకు సంగతి చెప్పాను. అతను తన మెడ తడుముకున్నాడు. "మా దిక్కు గూడ గీ మాంజా వచ్చింది. మా పోరడు బండి మీదనే తిరుగుతడు. ఎంత ఎత్తుండాలె?"

"నిటారుగ కూర్చో తమ్మీ" అని తీగను హ్యాండిల్ ఉండే ఎత్తున పట్టుకొని అతని ముందు నిలబెట్టాను. తల కన్నా జానెడు పైకి వచ్చింది. చూస్తున్న పై బెర్త్ మనిషి కిందికి దిగి, "నేను జర పొడుగుంట. నాక్కూడ చూడండ్రి" అంటూ అతని పక్కన కూర్చున్నాడు. నవాపూర్ దాటేసరికి మా బోగీలో సగం మంది వెన్ను నిటారుగా పెట్టి వంతు కోసం కూర్చున్నారు.