మోటారు షెడ్డులో కారు

మా మరిది ట్రాక్టరు తోలతాడు. ట్రాక్టరు తోలేవాడికి లోకంలో ఉన్న యంత్రాలన్నీ తెలిసిపోతాయని మా ఇంట్లో ఒక నమ్మకం. అందుకే నాయుడుపేటలో పాత ఎలక్ట్రిక్ కారు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసినప్పుడు, కొనేది నేనైనా, డబ్బు నా పీఎఫ్‌దే అయినా, చూసి తేల్చడానికి ఆయన్ని బాడుగ కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని పోయాం. నేనూ మా ఆయనా వెనక.

ఆ పెద్దమనిషి కారు చుట్టూ ఒకసారి తిరిగి నాలుగు టైర్లనూ కాలితో తన్నాడు. బానెట్ తెరిపించి లోపలికి తల పెట్టి ఇంజిన్ కోసం వెతికాడు. స్టార్ట్ చేస్తే చప్పుడు రాలేదు కాబట్టి ఇంకా స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ తాళం తిప్పమన్నాడు. లీటరుకు ఎంత ఇస్తుందని కూడా అడిగాడు. అమ్మేది మెడికల్ షాపు ఆయన, మర్యాదస్తుడు, నవ్వకుండా తల దించుకున్నాడు. అడగవలసింది ఒకటే ఉంది, బ్యాటరీ సత్తువ ఎంత మిగిలిందని. అది నేనే అడిగాను. కొత్తలో ఉన్నంత లేదమ్మా, అయినా ఫుల్లుగా ఎక్కిస్తే వంద కిలోమీటర్లకు తగ్గదు అన్నాడు. అప్పటికే డ్రైవింగ్ నేర్చుకుని ఉన్నాను కాబట్టి దాన్ని నేనే నడుపుకుంటూ హైవే మీద కొడవలూరు దాకా వచ్చి మా ఊళ్లోకి తిరిగేసరికి ఛార్జింగ్ ఇంకా కొంచెం మిగిలే ఉంది. ఈ వ్యవహారం మొత్తంలో నాతో అబద్ధం ఆడని మగవాళ్లు ఇద్దరు. ఆయనొకడు. రెండోవాడు నెల్లూరు మెకానిక్.

కారు ఎందుకంటే, నా బడి సముద్రం ఒడ్డున ఉంది. మా ఊరి నుంచి రానూపోనూ డెబ్బై కిలోమీటర్లు. రెండు బస్సులు, ఒక షేర్ ఆటో, అందులో చేపల బుట్టల మధ్య మోకాళ్లు ముడుచుకుని ప్రయాణం. ఏళ్ల తరబడి అట్లాగే పోయాను. ఆ తర్వాత ఫోనుకు ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చింది, దాంతోపాటే నన్ను వేళకు చేర్చే పొద్దుటి బస్సు ఆగిపోయింది. ఇదే సందని మా ఆయన వాలంటరీ రిటైర్మెంట్ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నేను కారు కొంటానన్నాను. ఆడదానికి కారెందుకని మరిది, ఈ వయసులో నేర్చుకుంటుందా అని తోడికోడలు, అందరూ తలా ఒక మాట వేశారు. ఒళ్లు మండి అందరి ముందూ చెప్పాను, నా కారులో నేను బడికి చేరలేని రోజున రాజీనామా పెడతానని. మా ఆయన ఆ మాట పట్టుకున్నాడు. ఇంకే మాటా ఆయనకు అంత బాగా గుర్తుండగా నేను చూడలేదు.

పిల్లల మీద ప్రేమతో పోతున్నానని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఇష్టం. ఆ పిల్లలు అల్లరి వెధవలు, వాళ్ల చేత ఎక్కాలు చెప్పించేసరికి తలప్రాణం తోకకొస్తుంది. నేను పోయేది వేరే కారణానికి. లోకంలో నేను కూర్చోమంటే కూర్చునే మనుషులు ఆ ఒక్క చోటే ఉన్నారు. ఇంట్లో నేను నోరు తెరిస్తే టీవీ సౌండ్ పెరుగుతుంది. ఆ బడి పోతే నాకు మిగిలేది వంటగది, ఆ టీవీ.

మొదటి రెండు నెలలూ రాజ్యమేలాను. సరుగుడు తోపుల మధ్య రోడ్డు మీద అద్దాలు దించుకుని పోతుంటే ఉప్పుగాలి మొహానికి కొట్టేది. ఊళ్లోవాళ్లు టీచరమ్మ నాలుగు చక్రాల సెల్‌ఫోను కొనిందని నవ్వారు, నవ్వనీ అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి వసారాలో ప్లగ్గు పెడితే పొద్దున్నే తయారు.

అప్పుడు కరెంటు బిల్లు వచ్చింది. పెట్రోలుతో పోలిస్తే అదేమీ కాదు. కానీ మా ఆయనకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన వస్తే ఇంట్లో ఎవరో ఒకరికి మూడినట్టే. పొలంలో మోటారుకు వచ్చేది ఉచిత కరెంటు కదా, అక్కడ ఎక్కిద్దాం అన్నాడు. అది సేద్యానికి ఇచ్చింది, తప్పని చెబితే, కారు మాత్రం మన ఇంటిది కాదా అన్నాడు. ఆ తర్కానికి జవాబు చెప్పడానికి నాకు చదువు చాల్లేదు. అన్నదమ్ములిద్దరూ కూడి మోటారు షెడ్డులో ప్లగ్గు బిగించి, వసారాలో ఎక్కించడం మాన్పించారు.

పొలానికి కరెంటు ఇచ్చేది పగటిపూట. నేను బడికి పోవాల్సింది కూడా పగటిపూటే. అంటే బడికి పోవడానికి కొన్న కారు పొలంలో కరెంటు తాగుతూ ఉంటుంది, దాన్ని కొన్న మనిషి చేపల బుట్టల మధ్య మోకాళ్లు ముడుచుకుని ఆటోలో పోతూ హాఫ్ డే లీవులు పోగొట్టుకుంటుంది. చుట్టుపక్కల మోటార్లన్నీ ఒక్కసారే ఆడితే ఓల్టేజీ పడిపోయి ఆ నిండేదేదో రెండో రోజుకు గానీ నిండేది కాదు. వారానికి రెండు రోజులు కారు నా చేతికొస్తే గొప్ప. సైన్సు చదివి ఇంటర్ పాసైన మనిషికి ఇది తట్టలేదా అని నేను అరిస్తే, అరవకు, ఊరికే వచ్చేదాన్ని ఎవరన్నా వదులుకుంటారా అని పేపర్ తిరగేసేవాడు.

మాది వడ్లు పండించే ఇల్లు. గాదె వెలితిగా కనిపిస్తే అరిష్టం అంటారు. బియ్యం డబ్బా సగానికి దిగనివ్వరు, బిందె కూడా అంచుదాకా నిండాల్సిందే. ఆ పద్ధతే కారుకూ వచ్చింది. మీటరు మీద వంద శాతం కనబడితేనే మా ఆయన భోజనానికి లేచేవాడు. నిండిన కారును నిండినట్టే రేకుల షెడ్డు కింద పెట్టి, దుమ్ము పడకుండా వడ్లు ఆరబోసే పట్ట కప్పేవాడు. నెల్లూరు ఎండలో, రేకుల కింద, పట్ట కింద, అట్లా రోజులకు రోజులు ఉండేది. నేనూ ఆ ఇంట్లోనే కాపురం చేస్తున్నదాన్ని, నిండుగా ఉంచడంలో తప్పుందని నాకూ తోచలేదు. మధ్యలో ఏదో లైటు వెలిగిందని అన్నదమ్ములు దాన్ని నెల్లూరు తీసుకుపోయి మెకానిక్‌కి చూపించుకొచ్చారు. ఏమన్నాడని అడిగితే, అంతా బాగుందన్నాడని చెప్పారు.

రెండో ఎండాకాలానికి మీటరు వంద శాతం చూపిస్తూనే ఉంది, బండి మాత్రం ఎనభై కిలోమీటర్లు పోయేది, తర్వాత డెబ్బై, తర్వాత అదీ అనుమానం. మరిది బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోద్దామని సీసా కూడా తెచ్చాడు. మూత ఎక్కడుందో కనిపించక ఒక పూటంతా కారు కింద పడుకుని వెతికాడు. లేని మూతను వెతకనిచ్చి నేను హాయిగా కాఫీ తాగాను.

ఒక రోజు బడి నుంచి తిరిగి వస్తుంటే రొయ్యల గుంటల మధ్య కారు మెల్లగా మెల్లగా ఆగిపోయింది. ఏసీ వేయలేదు, నలభై దాటలేదు, అయినా ఆగిపోయింది. మరిది ట్రాక్టరుకు మోకు కట్టి ఊళ్లోకి లాక్కొచ్చాడు. దారి పొడుగునా అందరినీ ఆపి మరీ చూపించాడు. ఇంటికి చేరేసరికి బల్ల మీద రిటైర్మెంట్ కాగితాలు ఉన్నాయి. పెన్ను మూత కూడా తీసి పెట్టారు.

ఆ కాగితాల మీద పప్పు గిన్నె పెట్టి అన్నం తిన్నాను. ఆ రాత్రి ఎవరినీ అడగకుండా కారుకు వసారాలోనే ప్లగ్గు పెట్టి, మర్నాడు సెలవు పెట్టి, ఎవరికీ చెప్పకుండా కారు నేనే నెల్లూరు తీసుకుపోయాను. మెకానిక్ దానికేదో వైరు తగిలించి కంప్యూటర్‌లో చూసి, బ్యాటరీ సత్తువ సగానికి పడిపోయిందన్నాడు. ఎప్పుడూ ఫుల్లుగా ఎక్కించి ఎండలో పెడితే ఈ బ్యాటరీలు లోపల్లోపలే చెడిపోతాయట. వాడనప్పుడు సగం ఉంటే చాలట, నీడన ఉండాలట, ఎక్కించినా ఎనభై శాతం దగ్గర ఆపాలట.

"ఈ మాట అప్పుడే చెప్పుండొచ్చు గదయ్యా" అన్నాను.

"చెప్పినా మేడం. మీ సారుకి రెండుసార్లు చెప్పినా. పట్ట కప్పొద్దని గూడా చెప్పినా."

నేరుగా పొలానికి పోయాను. మా ఆయన షెడ్డు నీడలో మంచం వేసుకుని ఉన్నాడు. మా ఆయన మంచివాడని ఊళ్లో అందరూ అంటారు. వాళ్లెవరూ ఆయనతో కాపురం చేయలేదు.

"మెకానిక్ మీకు చెప్పినాడంట" అన్నాను.

బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"చెప్పినాడు. ఇంకెన్నాళ్లు పోతావు ఆ సముద్రం కాడికి? అది చెడిపోతే ఇంటికాడ ఉంటావు గదా అనుకున్నా. మధ్యాన్నం చల్లారిపోయిన కూడు తింటా ఉండా నేను."

నాకు కోపం రాలేదు. కోపం రావడానికి అవతల మనిషికి కొంచెం విలువ ఉండాలి. అసహ్యం వేసింది. కుట్ర చేయాలన్నా ఒక ప్రయోజకత్వం ఉండాలి. ఒక బండిని ఏడాదికి పైగా ఎండలో ఉడకబెట్టాడు, వేడి అన్నం కోసం. స్టవ్ వెలిగించడం నేర్చుకుని ఉంటే అందులో పదోవంతు శ్రమ పడేది కాదు. వెనక్కి తిరిగి కారు వైపు నడిచాను.

రాజీనామా సంగతేంది, మాటిచ్చినావు గదా అని వెనక నుంచి అడిగాడు.

"బడికి చేరలేకపోతే పెడతానన్నా. చేరతా ఉండా. తిరిగి వస్తానని ఎవురికీ మాట ఇయ్యలా" అన్నాను.

ఆ వారంలోనే బడి పక్కన ఒక గది తీసుకున్నాను. ఇల్లు చేపల వ్యాపారం చేసే అక్కది. ఐసు పెట్టె కోసం వేయించిన పెద్ద ప్లగ్గు వసారాలో ఉంది, పైన పెంకుల కప్పు, చల్లగా ఉంటుంది. మిగిలిన సత్తువకు ఒకవైపు ప్రయాణం నిక్షేపంగా సరిపోతుంది. సోమవారం పొద్దున వస్తాను, బుద్ధి పుడితే శనివారం పోతాను. పొద్దున్నే బడి తలుపు నేనే తీస్తున్నాను, సాయంత్రం ఇసకలో కాళ్లు చాపుకుని కూర్చుంటున్నాను. ఒక్కదానికే వండుకుంటే గిన్నెలు ఎంత తక్కువ పడతాయో నాకిప్పుడే తెలిసింది.

మొదట్లో మా ఆయన బిగుసుకుని ఫోన్ చేయలేదు. తర్వాత రోజూ చేయడం మొదలుపెట్టాడు. పోపులో ముందు ఆవాలా, జీలకర్రా అని ఒకసారి, కుక్కర్ విజిల్ రాలేదని ఒకసారి. మొన్న చేసినప్పుడు అదేమీ అడగలేదు. శనివారం వస్తావా అన్నాడు, గొంతు కొంచెం తగ్గించి. ఛార్జింగ్ ఎక్కితే వస్తానన్నాను.

"ఎంత ఎక్కింది?" అని అడిగాడు.

వసారాలోకి తొంగి చూశాను. ఎనభై దగ్గర ఆపేసి, ప్లగ్గు తీసి, వైరు చుట్టి మేకుకు తగిలించి చాలాసేపయింది.

"శానా నిదానంగా ఎక్కతా ఉంది" అన్నాను.